సీతాఫలం పూత రాలుతోందా? మందు కొనేముందు ఒక పువ్వు తెంపి చూడండి

మిరుగం (మృగశిర కార్తె) దాటిందంటే మహారాష్ట్రలోని మా సిరొంచలో నన్ను అడిగే మాట ఒక్కటే. "అన్నా, సీతాఫలం పూత అంతా రాలుతున్నది, ఏం మందు కొట్టాలె?" అలా అడిగినవాళ్లలో రాలే పువ్వును ఒక్కసారైనా విప్పి చూసినవాళ్లు నాకు దాదాపు కనపడలేదు. ముందు అది చూడండి. అర నిమిషం పని.

అసలు పూతే రాకపోతే

సీతాఫలం కొత్త చిగురు మీద పూస్తుంది. చలికాలమంతా స్నానాల నీళ్లు చెట్టు మొదట్లోకే పోతుంటే దానికి విశ్రాంతి ఉండదు, ఆకు రాల్చదు, చిగురూ సరిగ్గా వేయదు. డిసెంబరు నుంచి నీళ్లు ఆపండి. ఫిబ్రవరి చివర ఎండుపుల్లలు, సన్నటి పాత కొమ్మలు కత్తిరించండి. మామిడి నీడలో ఉన్న చెట్టుకు ఇవేవీ పనిచేయవు, దానికి ఎండ కావాలి. గింజ మొక్కైతే మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే.

పూత వచ్చి రాలిపోతుంటే

ముందు క్యాలెండర్ చూడండి. ఏప్రిల్, మే నెలల్లో రాలితే టెన్షన్ అక్కర్లేదు. గడ్చిరోలి, చంద్రపూర్ ఎండల సంగతి మనకు తెలిసిందే. రోహిణి కార్తె వడగాలికి పువ్వు లోపలి తడి ఆరిపోతుంది, పుప్పొడి పడినా అంటుకోదు. వానలు పడి గాలిలో తేమ వచ్చాక కూడా, అంటే ఆరుద్ర, పునర్వసు కార్తెల్లోనూ రాలుతుంటే అప్పుడు కారణం వెతకాలి. నేను చూసిన చెట్లలో చాలావాటికి అది ఒకటే: పువ్వుకు పుప్పొడి అందడం లేదు.

ఇక్కడే నేను రెండేళ్లు నష్టపోయాను. బాలానగర్ రకం అంటు, మంచి చెట్టు, కొమ్మ నిండా పూత. బ్రష్ పట్టుకుని రోజూ పొద్దున బాగా విచ్చుకున్న పూలకు పొడి రాశాను. ఒక్క పిందె నిలవలేదు. ఎరువు తక్కువనుకుని వేశాను. కృషి కేంద్రం దుకాణంలో ఇచ్చిన మందు కొట్టాను, దాంతో పువ్వుకు పొడి మోసే చిన్న పురుగులు కూడా పోయాయి. తప్పు చెట్టుది కాదు. నేను ఎంచుకున్న పువ్వుది.

సీతాఫలం పువ్వు మొదట ఆడది, తర్వాత మగది. మూడు దళసరి ఆకుపచ్చ రేకులు కొనల దగ్గర కొద్దిగా విడి, లోపలికి అగ్గిపుల్ల మాత్రమే దూరేంత సందు ఉన్నప్పుడు అది ఆడపువ్వు. రేకులు పూర్తిగా విచ్చుకునేసరికి ఆడదశ అయిపోతుంది, పొడి రాల్చే పని మొదలవుతుంది. మన కంటికి 'ఇప్పుడు పూసింది' అనిపించే పువ్వుకు ఇక కాయ కట్టే శక్తి లేదు. నేను రెండేళ్లూ రాసింది అలాంటి పూలకే.

నమ్మకం కుదరకపోతే రెండు పూలు తెంపి రేకులు ఊడదీయండి. అగ్గిపుల్ల సందు మాత్రమే ఉన్న, అంటే సగం విచ్చిన పువ్వు మధ్యలో చిన్న మొగ్గలాంటి ముద్ద తడిగా మెరుస్తుంది, వేలికి జిగురు తగులుతుంది. పూర్తిగా విచ్చినదాంట్లో ఆ కొన ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. వేలితో తడితే చుట్టూ ఉన్న కేసరాలు నూకల్లా అరచేతిలో రాలుతాయి. ఒక్కసారి ఇలా చూస్తే ఇక మర్చిపోరు.

సాయంత్రం నాలుగు దాటాక పూర్తిగా విచ్చిన పూలు పది పదిహేను తెంపండి. మూతలేని స్టీల్ గిన్నెలో, ఇంట్లో ఉంచండి. మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా వద్దు, లోపల చెమ్మ పట్టి పొడి ముద్దవుతుంది. తెల్లారి గిన్నెను తడితే కేసరాలు, పొడి అడుగున పడతాయి. ఎండ ఎక్కకముందే, ఎనిమిదిలోపు, సగం విచ్చిన పువ్వు రేకును ఒక వేలితో మెల్లగా పక్కకు నెట్టి, పిల్లలు రంగులేసే సన్నటి బ్రష్‌తో మధ్య ముద్ద చుట్టూ రాయండి. ఒక పువ్వు పొడి రెండు మూడింటికి సరిపోతుంది. ఆ పొడిని మర్నాటికి దాచకండి. లావు కొమ్మల మీది పూలనే ఎంచుకోండి, కాయ బరువు మోయాలి కదా. వారంలో రేకులు పోయి పచ్చటి గుండు నిలిస్తే పని అయినట్టే. కాయ పక్వానికి మరో నాలుగు నెలలు.

ఇంకో మాట. ఫోన్లో అమెరికా 'పాపా' చెట్టు వీడియోలు చూసి, అక్కడివాళ్లలా కొమ్మకు కుళ్లిన మాంసం కడుతున్నవాళ్లున్నారు. పాపా మన సీతాఫలం కుటుంబంలోదే, దాని పువ్వు కూడా ముందు ఆడదే. కానీ దానికి ఈగలు కావాలి. చాలావరకు వేరే రకం చెట్టు కూడా పక్కన ఉండాలి, చలికాలం గట్టి చలి పడాలి. మన సీతాఫలానికి ఒక్క చెట్టు చాలు. పులిసిన పండు వాసనకు వచ్చే చిన్న నల్లపురుగులే దానికి పొడి మోస్తాయి. కాబట్టి పూత మీద పురుగుమందు కొట్టకండి.

కాయ వంకరగా, ఒకవైపు నొక్కినట్టు వస్తే

పురుగు అని పారేయకండి. కోసి చూడండి. నొక్కుకుపోయిన వైపు గింజలుండవు. సీతాఫలంలో ప్రతి తొనా విడిగా పొడి అందుకోవాలి, అందని వైపు పెరగదు. బ్రష్‌ను చుట్టూ తిప్పితే గుండ్రంగా వస్తుంది.

మిగతావి

కాయ నల్లబడి రాయిలా ఎండి కొమ్మకే వేలాడితే అది శిలీంధ్ర (ఫంగస్) తెగులు కావచ్చు. కోసి కాల్చేయండి, చెట్టుమీద వదలొద్దు. తొనల సందుల్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తే ముందు చీమల దారి ఆపండి, వాటిని కాపాడేది చీమలే. మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు రాయండి. నేల తాకే కొమ్మలు కత్తిరించండి, లేకపోతే చీమలు అటు నుంచి ఎక్కుతాయి. వేపనూనె కొట్టాలనుకుంటే పిందెలు నిలిచాక, సాయంత్రం పూట కొట్టండి.