ట్రోమ్సోకి కొత్తగా వచ్చారా? ముందు చూరు కింద నుంచి ఇవతలికి రండి

నార్వే ఉత్తరాన ఉన్న ఈ ట్రోమ్సోలో పోయిన వారం యూనివర్సిటీ వైపు నుంచి బస్టాపుకి వస్తుంటే ముందు మనవాడొకడు నడుస్తున్నాడు. కొత్తగా దిగాడని ఆ కోటు చూస్తేనే తెలుస్తోంది. మంచు అడ్డంగా ముఖానికి కొడుతోంది. తప్పించుకుందామని పాపం ఒక కొయ్య ఇంటి గోడకు దాదాపు ఆనుకుని, చూరు కిందే తలొంచుకుని పోతున్నాడు. పైన కప్పు అంచు దాటి మూరెడు మంచు వంగి వేలాడుతోంది. తెలుగువాడో కాదో చూసుకోకుండా "బాబూ, రోడ్డు మీదికి రా!" అని అరిచాను. తెలుగువాడే, విజయనగరం. "ఇక్కడైతే గాలి తగలట్లేదన్నా" అన్నాడు. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను.

వాన పడితే చూరు కిందికి దూరడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరి ఇల్లయినా సరే, అరుగు కనబడితే ఎక్కి నిలబడతాం. ఇక్కడికి వచ్చాక మొట్టమొదట మానుకోవాల్సింది అదే, కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి నెత్తిన పడుతుంది. బ్యాంకు ఖాతా, పన్ను కార్డు, సిమ్ కార్డు ఎలాగూ అందరూ చెబుతారు. ఇది ఎవరూ చెప్పరు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఇది చెప్పాల్సిన విషయమని కూడా తోచదు.

అసలు కథ సముద్రంతో మొదలవుతుంది. ఈ ఊరు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉంది. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల రేవు శీతాకాలమంతా గడ్డకట్టదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 18.4. లద్దాఖ్ చూసి వచ్చినవాళ్లు ఈ అంకె విని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి ఆ తెరిచి ఉన్న నీటి మీదుగా వస్తూ తేమ తాగుతుంది, కొండలకు తగలగానే దాన్నంతా మంచుగా దించేస్తుంది. పైగా ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఒకరోజు మంచు, మర్నాడు వాన, ఆ మర్నాడు రోడ్డంతా ఐస్. 1997 ఏప్రిల్ 29న ఇక్కడ నేల మీద 240 సెంటీమీటర్ల మంచు కొలిచారు. మన దగ్గర ఆవకాయకు కాయలు తరిగే రోజులవి. మార్చి రాగానే "ఇంక అయిపోయిందిలే" అని పార లోపల పెట్టేసేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కప్పు సంగతి. వారమంతా పడిన మంచు కప్పు మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఇంట్లో హీటరు వేడి పైకి వెళ్లి అడుగు పొరను కొద్దిగా కరిగిస్తుంది. రేకుల కప్పయితే ఆ తడి మీద పైనున్నదంతా జారడానికి సిద్ధంగా ఉంటుంది. అంతలో బయట ఉష్ణోగ్రత ప్లస్‌లోకి వెళ్తుంది, లేదా వాన పడుతుంది. మొత్తం పొర ఒక్కసారి కిందికి దిగుతుంది. దీన్ని ఇక్కడ తాక్‌రాస్ అంటారు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలకు మించకపోవచ్చు. అణిగి తడిసిన మంచు 400 దాకా బరువుంటుంది, మధ్యలో ఐస్ గడ్డలు వేరే. దూదిలా రాలుతున్నప్పుడు సెల్ఫీ తీసుకున్న మంచే ఇది. రెండంతస్తుల పైనుంచి మూటగా పడితే మనిషి లేవడు.

అందుకని యాప్‌లో చూడాల్సింది "ఎంత మంచు పడుతుంది" అని ఒక్కటే కాదు. వైఆర్ అని నార్వే వాతావరణ శాఖ వాళ్ల యాప్ ఉంది, అందరూ దాన్నే వాడతారు. వారం రోజులు మైనస్‌లో మంచు పడి, రేపు ప్లస్ 3, వాన అని చూపిస్తే ఆ రోజు నడకంతా గోడలకు దూరంగానే. ఆ రోజు వెచ్చగా ఉందని హాయిగా బయటికి వస్తారు చూడండి, ఆ హాయే ప్రమాదం.

ఇంటి యజమానులు కప్పు మంచు దింపించాలి, దింపేలోపు కింద జనం నడవకుండా హెచ్చరిక పెట్టాలి. గోడకు ఏటవాలుగా ఆనించిన కర్రలు, ఎరుపు తెలుపు టేపు, "తాక్‌రాస్" అని రాసిన బోర్డు, వీటిలో ఏది కనిపించినా రోడ్డు దాటి అవతలి వైపు నడవండి. కర్ర అడ్డంగా ఉందని పక్కకు జరిపి పోకండి నాయనా! దాన్ని మీకోసమే పెట్టారు. బోర్డు లేదంటే ప్రమాదం లేదని కూడా కాదు. తల ఎత్తి చూడటం మీ పని.

తాళం చెవి వెతుక్కోవడం గుమ్మం ముందు కాదు, వీధిలో ఉండగానే చేతిలోకి తీసుకోండి. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో అరగంట మాట్లాడటానికి చూరు కింద నిలబడకండి. సిగరెట్టు తాగేవాళ్లకూ ఇదే మాట. పిల్లల బండిని గోడ పక్కన వదలకండి. ఇక్కడివాళ్లు పసిపిల్లల్ని బండిలో బయటే నిద్రపుచ్చుతారు, నిజమే. కానీ ఎక్కడ పెట్టారో గమనించండి, నెత్తిన ఏ కప్పు వాలూ ఉండదు. కారు కూడా అంతే. ఎవరైనా కింద పడిపోతే పరుగెత్తే ముందు కప్పు మీద ఇంకా మంచు మిగిలి ఉందేమో చూడండి, సగమే జారి ఉండొచ్చు. అంబులెన్సుకి 113.

ఇంకో ముక్క, అది కూడా దీనిలోనిదే. డబ్బు తక్కువని మనవాళ్లు చాలామంది మొదట హీబెల్ తీసుకుంటారు. అంటే ఇంటి కింది అంతస్తులో, సగం నేలలో ఉండే చిన్న వాటా. నా మొదటి శీతాకాలం అలాంటి దాంట్లోనే గడిచింది. ఒక పొద్దున లేస్తే కిటికీ నల్లగా ఉంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా ఇక్కడ సూర్యుడే పైకి రాడు కాబట్టి చీకటేలే అనుకున్నాను. మధ్యాహ్నం ఆ కాస్త నీలపు వెలుగు వచ్చే వేళకీ నల్లగానే ఉంది. రాత్రి కప్పు మీదిది జారి కిటికీని పూర్తిగా కప్పేసింది. యజమానిని అడిగితే "ప్రతి ఏడూ ఉండేదే" అన్నాడు. ఇంటికి నిప్పంటుకుంటే ఆ కిటికీయే బయటపడే దారి అని చెప్పడానికి ఆయనకు తోచలేదు. ఆ రోజుల్లో నిద్ర లేదు, ఆకలి లేదు, ఎవరితో మాట్లాడాలన్నా విసుగు. కిటికీ ముందు మంచు తవ్వడం ఒక్కటే నేను రోజూ సక్రమంగా చేసిన పని. మీరూ చేయండి. గాలి వచ్చే రంధ్రాన్ని చలి అని గుడ్డ కుక్కి మూసేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒంటికి తగిలే బట్ట ఊలు ఉండాలి, కాటన్ తడిస్తే ఆరదు. హైదరాబాద్‌లో కొన్న లావుపాటి జాకెట్ ఇక్కడి తడి గాలికి ఆగదు, గాలీ నీళ్లూ దూరనిది పైన ఒకటి కావాలి. సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి, సిగ్గుపడకండి. బూట్ల కింద తొడిగే ఇనప మేకుల పట్టీలను బ్రొడ్డర్ అంటారు, అవి బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. ఐస్ మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్న వీరులు మనలో చాలామంది ఉన్నారు. బ్రొడ్డర్ వేసుకుని షాపుల్లోని నున్నటి గచ్చు మీదికి వెళ్లకండి, అక్కడా జారుతారు. చీకట్లో మెరిసే రెఫ్లెక్స్ పట్టీ చేతికో బ్యాగుకో వేలాడాలి. డి విటమిన్ గురించి డాక్టరుని అడగండి.

కారు తీసుకునేవాళ్లకు: మన లైసెన్సు ఇక్కడ మూడు నెలలే చెల్లుతుంది. ఉత్తర నార్వేలో మేకుల టైర్లు అక్టోబరు 16 నుంచి ఏప్రిల్ 30 దాకా వేసుకోవచ్చు. మంచులో మునిగిన కారును స్టార్టు చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ తవ్వండి, లేదంటే పొగ లోపలికి వస్తుంది. రోడ్డు పక్కన పాతిన పొడవాటి కర్రలు మంచు తీసే బండివాడికి రోడ్డు అంచు చూపించడానికి, ఫోటో కోసం పీకకండి. ఆ బండి పక్కకు నెట్టిన గుట్టల్లో పిల్లలు గుహలు తవ్వుతారు, బండి మళ్లీ వచ్చేది ఆ గుట్ట మీదికే. పిల్లలున్నవాళ్లు ఇది ఇంట్లో గట్టిగా చెప్పాలి.

కొండలెక్కే సరదా ఉంటే వార్సమ్ అనే హెచ్చరికల సైటులో ఆ రోజు మంచుచరియలు విరిగిపడే ప్రమాద స్థాయి చూడండి, 1 నుంచి 5 దాకా ఉంటుంది. 2023 మార్చి 31న ఒక్కరోజే ఈ చుట్టుపక్కల మంచుచరియలు విరిగిపడి నలుగురు చనిపోయారు. కాబట్టి "కొండ చిన్నదే కదా" అని నాతో అనకండి. తెలిసినవాళ్లు లేకుండా వెళ్లొద్దు. అంతే.

ఇదంతా చదివి టికెట్ క్యాన్సిల్ చేసుకుందామని ఎవరైనా అనుకుంటుంటే, సరే, ఇది కూడా చెబుతాను. డెబ్బై వేలకు పైగా జనం ఇక్కడ బతుకుతున్నారు. రాత్రంతా మంచు పడినా తెల్లారేసరికి బండ్లు తిరిగి దారి తీసేస్తాయి, బస్సులు నడుస్తాయి, బడులు తెరుస్తారు. ఊరున్న దీవి కింద కొండలో తొలిచిన సొరంగాలున్నాయి, లోపల రౌండెబౌట్లు కూడా ఉన్నాయి. పైన తుఫానున్నా కార్లు వాటిలో పోతాయి. 1960లో కట్టిన వెయ్యి మీటర్ల వంతెన మీద మాత్రం గాలికి నడవడం కష్టం, ఆ రోజు బస్సెక్కండి. ఇరుగుపొరుగు ముభావంగా కనిపిస్తారు కానీ, మీరు పార పట్టుకుని తంటాలు పడుతుంటే ఏమీ అనకుండా వచ్చి ఓ పక్క తవ్వి వెళ్లిపోతారు. రెండో శీతాకాలానికి మీకే అలవాటవుతుంది. కప్పులు చూస్తూ నడవడం కూడా.

విజయనగరం అబ్బాయి నంబరు తీసుకున్నాను. జనవరి 21 ప్రాంతంలో కొండల మీదుగా సూర్యుడు మళ్లీ కనిపించే రోజు ఊరంతా జామ్ పెట్టిన బన్నులు తింటారు, సూల్‌బొల్లె అంటారు. అతన్నీ రమ్మన్నాను. మీరూ వెళ్లి తినండి. గుడ్డు తిననివాళ్లు అడిగి కొనుక్కోండి, మామూలుగా వేస్తారు. బేకరీ ముందు లైను చూరు కిందికి వెళ్తుంటే లైనులో వెనకబడ్డా పర్లేదు, బయటే నిలబడండి.