ఎక్స్‌రేలతో కణజాల పరీక్ష – 4వ పాఠం: సీసమా, ఆర్సెనిక్కా?

గత పాఠంలో కణజాలం ముక్కను గడ్డకట్టించి, శూన్యంలో నీరంతా లాగేసి, పొడి చేసి బిళ్లగా అదిమాం. స్టీలు కత్తి వద్దన్నది గుర్తుందిగా? దాని నుంచి రాలే ఇనుము, క్రోమియం ఈ రోజు మనల్ని ముప్పుతిప్పలు పెట్టేవి.

ఎక్స్‌రే తగిలిన పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటుంది. పై కక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతూ, ఆ మూలకానికే ప్రత్యేకమైన శక్తితో మరో ఎక్స్‌రేను వెలువరిస్తుంది. ఇనుముకు 6.40, రాగికి 8.05, జింకుకు 8.64 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ మూడింటితో పేచీ లేదు.

పేచీ అంతా 10.5 దగ్గరే. ఆర్సెనిక్ కె-ఆల్ఫా 10.54, సీసం ఎల్-ఆల్ఫా 10.55. కె, ఎల్ అంటే ఖాళీ ఏర్పడ్డ కక్ష్యలు (కె అన్నిటికన్నా లోపలిది, ఎల్ దాని తర్వాతిది); ఆల్ఫా, బీటా ఆ ఖాళీ నిండేటప్పుడు వెలువడే వేర్వేరు గీతలు. మన సిలికాన్ డిటెక్టర్ 0.15 తేడానే కష్టం మీద విడదీస్తుంది, ఇక్కడున్నది 0.01. సాఫ్ట్‌వేర్ మాత్రం తడుముకోకుండా ఏదో ఒక పేరు అంటించేస్తుంది. నమ్మకండి.

రెండో గీతను, అంటే గ్రాఫులో మరో శక్తి దగ్గర లేచే శిఖరాన్ని, వెతకండి. సీసమైతే 12.61 దగ్గర ఎల్-బీటా ఇంచుమించు అంతే ఎత్తున లేవాలి. ఆర్సెనిక్ అయితే 11.73 దగ్గర చిన్న కె-బీటా ఉండాలి. కానీ కణజాలంలో మామూలుగా ఉండే బ్రోమిన్ 11.92 దగ్గర లేచి దాన్ని మింగేస్తుంది. కాబట్టి 11.7 దగ్గర ఏమీ కనిపించలేదని ఆర్సెనిక్‌ను కొట్టిపారేయలేం.

పోనీ, 12.6 ప్రాంతంలో శిఖరం ఉంటే సీసం ఖాయమా? కాదు. రక్తం నిండిన కణజాలంలో ఇనుము ఎక్కువ. రెండు ఇనుము ఫోటాన్లు (ఎక్స్‌రే రేణువులు) ఒకేసారి పడితే డిటెక్టర్ వాటిని కలిపి ఒక్కటిగా, 12.80గా లెక్కిస్తుంది. కొత్తవాళ్లు ప్లీహంలో లేని సీసాన్ని ‘కనిపెట్టేది’ ఇక్కడే! ఎక్స్‌రేలు పంపే ట్యూబు కరెంటును సగానికి తగ్గించి, అంతే సేపు మళ్లీ కొలవండి. అసలు శిఖరం సగమవుతుంది. ఈ జంట శిఖరం పావు వంతుకు పడిపోతుంది.

సింక్రోట్రాన్ (కోరిన శక్తి గల ఎక్స్‌రేలనే ఎంచి పంపగల భారీ యంత్రం) దొరికినవారికి ఇంత తంటా లేదు. పంపే శక్తిని 12.5 దగ్గర పెడితే చాలు. ఆర్సెనిక్‌ను కదిలించడానికి 11.87 సరిపోతుంది, సీసం ఎల్-ఆల్ఫాకు 13.04 కావాలి. అప్పటికీ 10.5 శిఖరం నిలిస్తే అది ఆర్సెనిక్కే.

అభ్యాసం: ఒక స్పెక్ట్రమ్‌లో (శిఖరాల గ్రాఫులో) 6.40 బాగా ఎత్తు, 10.5 చిన్నది, 12.8 దగ్గర బుడిపె. కరెంటు సగం చేస్తే 10.5 సగమైంది, 12.8 పావైంది. 10.5 దేనిదో, ఎందుకో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో శిఖరం వైశాల్యాన్ని మిల్లీగ్రాముల్లోకి మారుద్దాం.