ప్లూరాలో ఒంటరి గడ్డ కనిపిస్తే ఎలా తేల్చాలి

ఎక్స్‌రేలో ఒక పక్కన నున్నటి అంచులతో పెద్ద గడ్డ, మనిషికేమో దగ్గు కూడా పెద్దగా లేదు. ఇలాంటి ఫిల్మ్ తెచ్చే జూనియర్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: అనుమానం మీద టీబీ మందులు మొదలుపెట్టకండి, క్యాన్సరని ఇంట్లోవాళ్లను హడలగొట్టకండి. ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరలో పుట్టే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ ఇలాగే ఉంటుంది. అరుదైనదే, కానీ చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది.

ముందు చేతులు చూడండి. రెండు చేతుల ఉంగరపు వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించమనండి. మామూలుగా గోళ్ల మొదట్లో చిన్న డైమండ్ ఆకారపు సందు ఉంటుంది. ఈ గడ్డ ఉన్న కొందరికి క్లబ్బింగ్ (వేళ్ల కొసలు ఉబ్బడం) వస్తుంది, అప్పుడు ఆ సందు మూసుకుపోతుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి అయోమయంగా మాట్లాడుతున్నారా అని ఇంట్లోవాళ్లనీ అడగండి. కొన్ని గడ్డలు ఇన్సులిన్‌లా పనిచేసే ఐజీఎఫ్-2 అనే పదార్థాన్ని విడుదల చేసి రక్తంలో షుగర్‌ను పడగొడతాయి. 1930లోనే డోగీ, పాటర్ అనే డాక్టర్లు విడివిడిగా దీన్ని రాశారు. షుగర్ పడిపోయిన సమయంలోనే గ్లూకోజ్, ఇన్సులిన్, సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు వెలువడే పదార్థం) పరీక్షలకు రక్తం తీసి, ఆ వెంటనే గ్లూకోజ్ ఎక్కించండి.

తర్వాత కాంట్రాస్ట్ సీటీ. గడ్డకు కాడ ఉందా, రక్తనాళాలు ఎటునుంచి వస్తున్నాయి, ఛాతీ గోడలోకి పాకిందా అన్నది చూడాలి. కాడ ఉంటే పేషెంట్ పక్కకు తిరిగినప్పుడు గడ్డ కూడా చోటు మారుతుంది.

ఎక్కువ కేసులు చెడేది బయాప్సీ దగ్గరే. సన్న సూదితో పీల్చిన నాలుగు కణాలతో తేలదు, ఛాతీలో చేరిన నీరు తీసి పరీక్షించినా సాధారణంగా దొరకదు. సీటీ చూస్తూ కోర్ బయాప్సీ (లావు సూదితో కండ ముక్క తీయడం) చేయించండి. ఈ గడ్డల్లో రక్తనాళాలు ఎక్కువ, బ్లీడింగ్‌కు సిద్ధంగా ఉండాలి. ముక్కతో పాటు ఫారంలో "ప్లూరా గడ్డ" అని స్పష్టంగా రాయండి, ఆస్బెస్టాస్ పని చేశారా లేదా అన్నదీ రాయండి. ఆ రెండు ముక్కలు లేకపోతే పాథాలజిస్టు చీకట్లో వెతకాలి.

స్లైడ్ మీద కదురు ఆకారపు కణాలు, మధ్యలో కొలాజెన్, జింక కొమ్ముల్లా చీలిన రక్తనాళాలు కనిపిస్తాయి. అయినా అంతటితో ఆగొద్దు, స్టాట్6 అనే ప్రోటీన్‌ను చూపే స్టెయిన్ (రంగు పరీక్ష) అడగండి. కణ కేంద్రకంలో అది బలంగా పట్టి, సీడీ34 అనే ప్రోటీన్ కూడా ఉండి, కెరాటిన్, కాల్రెటినిన్ ప్రోటీన్లు లేకపోతే మీసోథీలియోమా (ఆస్బెస్టాస్‌తో ముడిపడిన ప్లూరా క్యాన్సర్) వైపు వెళ్లక్కర్లేదు. ఎన్ఏబీ2, స్టాట్6 జన్యువులు అతుక్కుపోవడమే దీని మూలమని 2013లో తేలింది. మీ ఊళ్లో ఆ స్టెయిన్ లేకపోతే పారాఫిన్ బ్లాక్ (ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) తీసుకుని పెద్ద ల్యాబ్‌కు పంపండి. పేషెంట్‌కు మళ్లీ సూది పొడవాల్సిన పనిలేదు.

ఆపరేషన్ తర్వాత గడ్డ మొత్తం పాథాలజీకి వెళ్లాలి. సైజు, మైటోసిస్ (విభజన చెందుతున్న కణాలు) లెక్క, నెక్రోసిస్ (చచ్చిపోయిన భాగం) రిపోర్టులో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి. సాధు గడ్డ (క్యాన్సర్ కానిది) అని రాసినా ఫాలోఅప్ మానొద్దు. 10 ఏళ్లు దాటాక కూడా తిరిగొచ్చిన కేసులున్నాయి.