లేబుల్ చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: హ్యాంగోవర్‌కు ఎంజైము మాత్ర

ముందుగా గత పాఠంలో ఇచ్చిన లెక్క. 40 శాతం మద్యం 60 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఆల్కహాల్ 24 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి దాన్ని 0.789తో గుణించాలి. దాదాపు 19 గ్రాములు వస్తుంది. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములు ఖర్చు చేస్తుందని చెప్పుకున్నాం. ఆ లెక్కన ఇదంతా పోవడానికి సుమారు రెండు గంటల నుంచి పావుతక్కువ మూడు గంటల దాకా పడుతుంది. 24 గ్రాములని రాసినవారు గుణకారం వదిలేశారన్నమాట. ఈ పాఠమంతా గ్రాముల మీదే నడుస్తుంది. అక్కడ తడబడినవారు ఆ లెక్క ఇంకోసారి చేసి రండి.

ఈసారి మన ముందున్నవి ఎంజైము సప్లిమెంట్లు. మద్యం ముట్టే ముందు ఒక మాత్ర వేసుకుంటే ఒంట్లో ఆల్కహాల్ త్వరగా విరిగిపోతుందనీ, మర్నాడు హ్యాంగోవర్ ఉండదనీ వాటి డబ్బాలు చెబుతాయి. ఇది నిజమా అబద్ధమా అని మొదటే తేల్చేయాలని చూడకండి. ఎంజైము ఆల్కహాల్‌ను మారుస్తుందన్నది నిజమే. ప్రయోగశాలలో గాజు గొట్టంలో ఎవరైనా చూపించగలరు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: అది ఏ ఎంజైము, ఒంట్లో ఏ చోట పనిచేయాలి, ఎంత సమయం దొరుకుతుంది, దానికి తోడు ఎవరు?

ముందు అసలు ప్రక్రియ. తాగిన ఆల్కహాల్‌లో దాదాపు అయిదో వంతు పొట్ట గోడల నుంచి, మిగిలింది చిన్నపేగు నుంచి రక్తంలోకి చేరుతుంది. అందులో కొద్ది భాగం ఊపిరిలో, మూత్రంలో, చెమటలో పోతుంది. మిగతా భారమంతా ప్రధానంగా కాలేయానిది. అక్కడ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది విషపదార్థం. వెంటనే ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే రెండో ఎంజైము దాన్ని ఎసిటేట్‌గా మార్చి పీడ వదిలిస్తుంది. ఎసిటేట్ చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు అయిపోతుంది. ఈ పేర్లు పొడుగ్గా ఉన్నాయి కనుక ఇకపై మొదటి ఎంజైము, రెండో ఎంజైము అందాం.

ఇప్పుడు లేబుల్ తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ‘ఎంజైము మిశ్రమం’ అని ఉండి, వెనక సన్న అక్షరాల్లో అమైలేజ్, ప్రోటియేజ్, లైపేజ్ అని ఉంటే పాఠం అక్కడితో అయిపోయినట్టే. అవి పిండిపదార్థాలనూ మాంసకృత్తులనూ కొవ్వునూ అరిగించేవి. ఆల్కహాల్ జోలికి అవి వెళ్లనే వెళ్లవు. పైన చెప్పిన రెండింటిలో ఒకటైనా పేరుతో సహా ఉంటేనే ముందుకు సాగాలి.

ఉందనుకుందాం. రెండో ప్రశ్న: చోటు. ఎంజైము అంటే మాంసకృత్తే. మింగిన మాంసకృత్తును పొట్టలోని ఆమ్లం వికలం చేస్తుంది, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము ముక్కలు చేస్తుంది. అది ఔషధమని పొట్టకు తెలియదు, పప్పులోని మాంసకృత్తు ఎంతో అదీ అంతే. దీన్ని తప్పించడానికి కొన్ని కంపెనీలు ఆమ్లంలో కరగని పూత వేస్తాయి. చిన్నపేగుకు చేరాక ఆ పూత కరిగి ఎంజైము బయటపడుతుంది. ఈ ఏర్పాటు అర్థవంతమైనదే. కానీ పేగులోంచి రక్తంలోకి వెళ్లడం మాత్రం కుదరదు. ఈస్టు నుంచి తీసే మొదటి ఎంజైము అణుభారం దాదాపు 1,50,000. ఆల్కహాల్‌ది 46. ఆల్కహాల్ పేగు గోడను ఇట్టే దాటేస్తుంది, ఎంజైము ఇవతలే ఉండిపోతుంది. కాబట్టి ‘కాలేయానికి ఎంజైములు అందిస్తుంది’ అని ఏ డబ్బా మీద కనిపించినా ఆ వాక్యాన్ని నిస్సంకోచంగా కొట్టేయండి.

ఇక్కడ ఒక పాఠకుడికి న్యాయమైన సందేహం రావచ్చు: పాలు పడనివారికి లాక్టేజ్ మాత్రలు పనిచేస్తున్నాయి కదా? పనిచేస్తాయి. అవి మార్చవలసిన చక్కెర పేగులోనే ఉంటుంది, విరిగేదాకా అక్కడే కదలకుండా ఉంటుంది. తోడుగా ఇంకో పదార్థం కూడా అక్కర్లేదు. ఆల్కహాల్ విషయంలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఖాళీ కడుపుతో తాగితే గంటలోపే దాదాపుగా రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరిపోతుంది. మాత్రలోని ఎంజైముకు దొరికే సమయం అంతే. తిన్నాక తాగితే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఆ గరిష్ఠ స్థాయి కూడా తగ్గుతుంది. భోజనం చేసే ఈ మేలును మాత్ర తన ఖాతాలో వేసుకోకుండా చూడాలి. ‘భోజనంతో పాటు వేసుకోండి’ అని రాసిన సూచన కనిపించినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ పాఠానికి గుండెకాయ ఇదే.

ఎంజైము బలాన్ని మిల్లీగ్రాముల్లో చెబితే ఏమీ తెలియదు, యూనిట్లలో చెప్పాలి. ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగల శక్తి. అణుభారం ఎంతో అన్ని గ్రాముల పదార్థం ఒక మోల్, అందులో పది లక్షో వంతు మైక్రోమోల్. 10 గ్రాముల ఆల్కహాల్ తీసుకుందాం. చాలా దేశాల్లో ఒక ప్రామాణిక డ్రింకు అంటే ఇంతే. 10ని 46తో భాగిస్తే 0.217 మోల్, అంటే 2,17,000 మైక్రోమోల్స్. మాత్రలో 1,000 యూనిట్లు ఉన్నాయనుకుంటే 217 నిమిషాలు పడుతుంది. మూడున్నర గంటల పైమాటే. మనకున్న సమయం గంట. అదే కాలేయం ఏం చేస్తోందో చూడండి. గంటకు 7 గ్రాములంటే నిమిషానికి సుమారు 2,500 మైక్రోమోల్స్. మీ ఒంట్లో ఇప్పటికే 2,500 యూనిట్ల పని ఖర్చు లేకుండా జరుగుతోంది.

ఇంకా మంచి పరిస్థితి ఊహించుకుని వేసిన లెక్క ఇది. యూనిట్లను కొలిచే పరీక్ష ఈస్టు ఎంజైముకు అనుకూలమైన క్షారగుణం ఉన్న ద్రావణంలో, దాదాపు 8.8 పీహెచ్ దగ్గర జరుగుతుంది. పైగా ఆ ద్రావణంలో ఎన్‌ఏడీ అనే సహాయక అణువును పుష్కలంగా పోస్తారు. మొదటి ఎంజైము ఒంటరిగా ఏమీ చేయలేదు. ఆల్కహాల్ నుంచి తీసిన హైడ్రోజన్‌ను అందుకోవడానికి ప్రతిసారీ ఒక ఎన్‌ఏడీ అణువు కావాలి. ఎంజైమును మట్టి తవ్వే కూలీ అనుకుంటే ఎన్‌ఏడీ అతని తట్ట. నిండిన తట్టను ఎవరైనా ఖాళీ చేసి తెచ్చిస్తేనే తర్వాతి పని సాగుతుంది. బతికున్న కణంలో ఆ ఖాళీ చేసే పని నిరంతరం జరుగుతుంటుంది. పేగులోని ద్రవంలో ఆ ఏర్పాటు లేదు.

ఖాళీ చేసేవారు లేకపోతే ఎన్‌ఏడీ ఎంత కావాలి? ఎన్‌ఏడీ అణుభారం సుమారు 663. దాన్ని 0.217తో గుణించండి. 144 గ్రాములు! ఒక్క డ్రింకుకు, ఒక్క మొదటి మెట్టుకు. రెండో మెట్టుకు మళ్లీ అంతే కావాలి. లేబుల్ మీద ఎన్‌ఏడీ పేరు ఉంటే ఎన్ని మిల్లీగ్రాములో చూడండి, పక్కన ఈ 144 గ్రాములు రాసుకోండి. చాలా డబ్బాల విషయంలో ఈ ఒక్క పోలికతోనే తీర్పు వచ్చేస్తుంది. ఎన్‌ఏడీకి ముడిసరుకని విటమిన్ బీ3 చేర్చేవారూ ఉన్నారు. మామూలుగా తినేవారికి ముడిసరుకు కొరత ఉండదు. నిండిన తట్టలు ఖాళీ అయ్యే వేగమే అసలు చిక్కు, దాన్ని బీ3 పెంచదు.

ఒక చిన్న పక్కదారి. ఈస్టులో ఈ ఎంజైము రోజువారీ ఉద్యోగం ఆల్కహాల్‌ను విరగ్గొట్టడం కాదు, తయారు చేయడం. ఎసిటాల్డిహైడ్‌ను ఆల్కహాల్‌గా మార్చేది అదే. రసాయన సమతుల్యత కూడా మామూలు పరిస్థితుల్లో ఆల్కహాల్ వైపే మొగ్గుతుంది. మాత్రలో దాన్ని నింపి వెనక్కి నడవమంటున్నాం.

తట్టల చిక్కును తెలివిగా దాటిన పద్ధతులు లేకపోలేదు. బతికున్న బ్యాక్టీరియానే మింగించడం ఒకటి. వాటి కణాల్లో ఎన్‌ఏడీ ఉంటుంది, తిరిగి ఖాళీ కూడా అవుతుంది. ఎసిటాల్డిహైడ్‌ను మార్చే ఎంజైమును తయారు చేసేలా జన్యువులు మార్చిన బాసిల్లస్ సబ్‌టిలిస్ బ్యాక్టీరియా పానీయం 2019 నుంచి అమెరికాలో అమ్ముడవుతోంది. ఎన్‌ఏడీ ప్రశ్నకు దాని దగ్గర జవాబుంది. చోటు, సమయం ప్రశ్నలు మాత్రం దానికీ వర్తిస్తాయి. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2024లో ప్రకటించిన జెల్. పాలలోని ఒక మాంసకృత్తు పోగులకు ఇనుప పరమాణువులను అతికించి వారు దాన్ని చేశారు. అది పేగులోనే ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది, మధ్యలో ఎసిటాల్డిహైడ్ పెద్దగా పోగుపడదు. జెల్ ఇవ్వని ఎలుకలతో పోలిస్తే, ఇచ్చిన ఎలుకల రక్తంలో ఆల్కహాల్ అరగంటకు 40 శాతం తక్కువగా ఉంది. చోటు, సమయం, తోడు అనే మూడింటినీ ముందే ఆలోచించి కట్టిన పని అది. కానీ ఆ ఫలితం ఎలుకలది. మనుషుల కోసం అమ్మే ఇంకో డబ్బా మీద దాన్ని వాడుకోనివ్వకండి.

ఇప్పుడు హ్యాంగోవర్ దగ్గరికి వద్దాం. డబ్బా మీద రెండు మాటలు పక్కపక్కన ఉంటాయి: ఆల్కహాల్ త్వరగా పోతుంది, హ్యాంగోవర్ రాదు. మధ్యలో ‘కాబట్టి’ అని మనమే కలుపుకుంటాం. హ్యాంగోవర్ తీవ్రంగా ఉండేది రక్తంలో ఆల్కహాల్ సున్నాకు చేరువైనప్పుడు. ఎక్కువమందిలో ఆ వేళకు ఎసిటాల్డిహైడ్ కూడా దాదాపు ఉండదు. బాధ పెట్టేవి రోగనిరోధక వ్యవస్థ రేపిన వాపు, చెడిన నిద్ర, మండిన పొట్ట, మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోన్ తగ్గడం వల్ల పోయిన నీరు. మద్యంలోని ఇతర పదార్థాల పాత్ర కూడా కొంత ఉంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, వోడ్కా కంటే అలాంటి పదార్థాలు ఎన్నో రెట్లు ఎక్కువుండే బర్బన్ (ఒక రకం అమెరికన్ విస్కీ) తాగినవారు మర్నాడు ఎక్కువ బాధపడ్డారు. ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం రెండు వర్గాలూ ఒకేలా వెనకబడ్డాయి. కాబట్టి ‘తాగిన గంటకు రక్తంలో ఆల్కహాల్ తగ్గింది’ అని చూపిన ప్రయోగం మర్నాటి తలనొప్పిని కొలిచినట్టు కాదు.

ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. మొదటి మెట్టును వేగవంతం చేసి రెండోదాన్ని అలాగే వదిలేస్తే ఎసిటాల్డిహైడ్ పేరుకుంటుంది. అప్పుడెలా ఉంటుందో ఊహించనక్కర్లేదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మందు రెండో ఎంజైమును అడ్డుకుని సరిగ్గా ఆ పనే చేస్తుంది: ముఖం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు. తూర్పు ఆసియా మూలాలున్నవారిలో మూడో వంతుకు పైగా జన్యుపరంగానే రెండో ఎంజైము బలహీనం. వారు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ముఖం ఎర్రబడకుండా చేసే మాత్రలు వేసుకుని ఎక్కువ తాగడం వారికి అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ఎర్రదనం తగ్గినా ఎసిటాల్డిహైడ్ తగ్గదు. మద్యం బాగా తాగాక తలనొప్పికని పారాసిటమాల్ వేసుకోవడం కాలేయానికి మంచిది కాదనేది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. తాగినవారు లేపినా లేవకపోతే, శ్వాస మందగిస్తే అది హ్యాంగోవర్ కాదు, అత్యవసర పరిస్థితి.

రుజువుల సంగతి క్లుప్తంగా. హ్యాంగోవర్ మందుల మీద జరిగిన 21 ప్రయోగాలను పరిశీలించిన సమీక్ష ఒకటి 2022లో ‘అడిక్షన్’ పత్రికలో వచ్చింది. అన్నీ ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసినవే. పాల్గొన్నవారు మొత్తం 386 మంది. ఎనిమిది ప్రయోగాల్లో అందరూ మగవారే. ఒకే మందు మీద రెండు ప్రయోగాలు కూడా లేవు. రుజువుల నాణ్యత చాలా తక్కువని సమీక్షకులు తేల్చారు. చట్టం వైపు చూస్తే, హ్యాంగోవర్‌ను నయం చేస్తామని సప్లిమెంట్లు అమ్ముతున్న ఏడు కంపెనీలకు 2020 జులైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక లేఖలు పంపింది. అంతకు ముందు ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నత న్యాయస్థానం హ్యాంగోవర్ ఒక జబ్బేనని తీర్పు చెప్పింది. తాగినవారి మీద జాలితో కాదు. జబ్బును నయం చేస్తుందని ఆహార ఉత్పత్తికి ప్రచారం చేయకూడదన్నది అక్కడి చట్టం. అందుకే ఇప్పటి డబ్బాల మీద ‘నయం’ తగ్గి, ‘తోడ్పాటు’, ‘తాజాదనం’ పెరిగాయి. కొలవడానికి వీల్లేని మాట కనిపిస్తే దాని కింద గీత గీయడం మొదటి పాఠంలోనే నేర్చుకున్నాం.

అభ్యాసం

ఒక ఊహా లేబుల్ ఇస్తున్నాను: ‘ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ 500 యూనిట్లు, ఎన్‌ఏడీ 20 మిల్లీగ్రాములు, ఆమ్లంలో కరగని పూత. తాగడానికి అరగంట ముందు ఒక క్యాప్సూల్. కాలేయానికి తోడ్పాటు.’ తాగినది 5 శాతం బీరు, 330 మిల్లీలీటర్లు.

ఒకటి, ఆ బీరులోని ఆల్కహాల్ ఎన్ని గ్రాములు, ఎన్ని మైక్రోమోల్స్? రెండు, అంతటినీ మార్చడానికి ఈ క్యాప్సూల్‌కు ఎన్ని గంటలు కావాలి? మూడు, ఎన్‌ఏడీ తిరిగి ఖాళీ కాకపోతే 20 మిల్లీగ్రాములతో ఎంత ఆల్కహాల్ మారుతుంది? నాలుగు, లేబుల్‌లో లేని ఎంజైము ఏది, లేకపోవడం వల్ల ఏమవుతుంది? అయిదు, కొలవడానికి వీల్లేని మాట ఏది?

మొదటి జవాబు సుమారు 13 గ్రాములు రావాలి, రెండోది తొమ్మిది గంటలు దాటాలి. మూడోది గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఎక్కువ సున్నాలు వస్తే భయపడకండి, లెక్క సరైనదే. మిగతా జవాబులు నాలుగో పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠంలో ‘ప్రయోగశాలలో నిరూపితం’ అనే ముద్ర వెనకున్న పరిశోధన పత్రంలో పట్టికలు చదవడం నేర్చుకుంటాం.