ఐవీఐజీ చికిత్సకు కేంద్ర సాయం: దరఖాస్తు విధానం, మోతాదు లెక్క

ఎక్స్-లింక్డ్ అగామాగ్లోబులినీమియాతో (ఒంట్లో ప్రతిరక్షకాలు తయారుకాని జన్యు లోపంతో) పుట్టిన మగపిల్లవాడికి మొదటి ఆరు నెలలు సాధారణంగా ఏ లోటూ కనిపించదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు అప్పటిదాకా కాపాడతాయి. అవి తరిగిపోయాక చెవిలో చీము, న్యుమోనియా, విరేచనాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ బిడ్డ ఒంట్లో తయారుకాని ఐజీజీ అనే ప్రతిరక్షకాన్ని దాతల ప్లాస్మా నుంచి వేరుచేసి రక్తనాళంలోకి ఎక్కించడమే ఐవీఐజీ చికిత్స. నెలనెలా, జీవితాంతం సాగవలసిన చికిత్స ఇది. మామూలు సంపాదన ఉన్న ఏ ఇల్లూ దీన్ని ఒంటరిగా మోయలేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మార్చిలో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో, ఐవీఐజీతో అదుపులో ఉండే పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపాలు రెండో వర్గంలో (దీర్ఘకాలం చికిత్స కావలసిన జబ్బులలో) ఉన్నాయి. 2022 మేలో ఏ వర్గం వారికైనా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందేలా పరిమితిని పెంచారు. పిల్లవాడికి నిర్ధారణ అయినది తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం అయితే అది మొదటి వర్గం (ఒకసారి చేసే చికిత్సతో నయమయ్యే జబ్బులు) కిందికి వస్తుంది. దానికి అడగవలసిన ప్రధాన చికిత్స మూలకణ మార్పిడి.

దరఖాస్తును కలెక్టరేట్‌లోనో, నేరుగా ఢిల్లీలోనో ఇవ్వరు. ప్రభుత్వం గుర్తించిన ఉత్కృష్టతా కేంద్రానికి (సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్) రోగిని తీసుకెళ్లాలి. మన రెండు రాష్ట్రాలకు దగ్గరలో ఉన్నది హైదరాబాద్‌లోని నిమ్స్. ఇది డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి ఈ బాధ్యత చూస్తుంది. చిత్తూరు, అనంతపురం వైపు వారికి బెంగళూరు, చెన్నైలలోని కేంద్రాలు దగ్గర కావచ్చు. ఏ కేంద్రానికి వెళ్లినా అక్కడి నిపుణులు రోగిని పరీక్షించి వివరాలు నమోదు చేస్తారు, అరుదైన వ్యాధుల కమిటీ కాగితాలు పరిశీలిస్తుంది. మంజూరైన డబ్బు కుటుంబం ఖాతాలో పడదు, చికిత్స కోసం ఆ కేంద్రానికే వెళుతుంది. కాబట్టి అప్పు చేసి మందు కొని, తరువాత బిల్లులు పెట్టుకోవచ్చని అనుకోవద్దు. ముందు కేంద్రంలో నమోదు చేయించండి.

వెంట తీసుకెళ్లవలసినవి: రోగి, తల్లిదండ్రుల ఆధార్, చిరునామా ఆధారం, ఇంతకు ముందు ఆసుపత్రులలో చేరినప్పటి డిశ్చార్జి కాగితాలన్నీ, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే ప్రతిరక్షకాల స్థాయిల నివేదిక, వాటిని తయారుచేసే బీ-కణాల లెక్క, చేయించి ఉంటే ఈ జబ్బుకు మూలమైన బీటీకే జన్యువు పరీక్ష. ఐజీజీ పరీక్షకు రక్తం మొదటిసారి మందు ఎక్కించకముందే తీసి ఉండాలి. ఎక్కించాక తీస్తే దాతల ఐజీజీ కూడా లెక్కలోకి వచ్చి అసలు లోపం కనిపించదు. ప్రాణాపాయంలో మందు ముందే ఇచ్చేసి ఉంటే, ఏ తేదీన ఎన్ని గ్రాములు ఇచ్చారో రాయించుకోండి.

అన్నిటికంటే శ్రద్ధగా చూసుకోవలసినది డాక్టర్ రాసిచ్చే మోతాదు వాక్యం. చాలా చీటీలలో "నెలకు రెండు సీసాలు" అని మాత్రమే ఉంటుంది. ఎన్ని గ్రాముల సీసా, ఎంత బరువున్న బిడ్డకు, ఎన్ని రోజులకోసారి అన్నది ఆ మాటలో లేదు. ఈ లోపాలకు సాధారణంగా కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు, 3 లేదా 4 వారాలకోసారి ఇస్తారు. ఐజీజీ ఒంట్లో సుమారు మూడు వారాలకు సగానికి తగ్గుతుంది, ఆ విరామం అక్కడి నుంచి వచ్చినదే.

ఒక లెక్క చూడండి. బిడ్డ బరువు 20 కిలోలు, డాక్టర్ నిర్ణయించినది కిలోకు 500 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక్కసారికి 10 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు రెండు. నాలుగు వారాలకోసారి అయితే ఏడాదికి 13 సార్లు: 130 గ్రాములు, 26 సీసాలు. మూడు వారాలకోసారి అయితే 17 సార్లు, 34 సీసాలు. బిడ్డ 24 కిలోలకు పెరిగితే ఒక్కసారికి 12 గ్రాములు కావాలి. పాత బరువు మీదే మందు ఇస్తూ పోతే బిడ్డ పెరుగుతున్న కొద్దీ రక్షణ తగ్గుతుంది, జబ్బులు తిరిగి వస్తాయి. బరువు, కిలోకు మోతాదు, విరామం, ఏడాదికి మొత్తం గ్రాములు, ఈ నాలుగూ చీటీలో ఉండాలని డాక్టర్ గారిని మొహమాటపడకుండా అడగండి. 50 లక్షల పరిమితి ఎన్నేళ్లకు సరిపోతుందో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది.

మోతాదు సరిపోతోందో లేదో తేల్చేది ట్రఫ్ పరీక్ష. తరువాతి మోతాదు ఎక్కించబోయే ముందు తీసిన రక్తంలో ఐజీజీ డెసిలీటరుకు కనీసం 500 మిల్లీగ్రాములు ఉండాలని చూస్తారు. చాలామంది నిపుణులు 700కు పైనే కోరుకుంటారు, ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్న పిల్లలకు ఇంకా ఎక్కువ. మోతాదు పెంచమని అడిగేటప్పుడు ఈ నివేదిక, ఆ మధ్యలో వచ్చిన జ్వరాల వివరాలు జతచేస్తే కమిటీకి కారణం స్పష్టంగా కనిపిస్తుంది.

మంజూరు వచ్చేలోగా చికిత్స ఆపకూడదు. ఒక్క నెల తప్పినా న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తులకు పూడ్చలేని నష్టం జరగవచ్చు. ఈ మధ్యకాలానికి దారి ఏమిటని కేంద్రంలోని వైద్యులను మొదటి రోజే అడగండి. విదేశం నుంచి సొంత వాడకానికి మందు తెప్పించుకునే వారికి 2023 ఏప్రిల్ 1 నుంచి, ఈ విధానంలో ఉన్న వ్యాధుల మందులపై మూల కస్టమ్స్ సుంకం మినహాయింపు ఉంది. దానికి జిల్లా వైద్యాధికారి లేదా సివిల్ సర్జన్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

గిలాన్-బారే (నరాలు దెబ్బతినే జబ్బు), కవాసాకి (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) జబ్బులకూ ఇదే మందు వాడతారు, కానీ వాటి దారి వేరు. గిలాన్-బారేకు రోజుకు కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు, కవాసాకికి కిలోకు 2 గ్రాములు ఒకేసారి ఇస్తారు. కవాసాకిలో జ్వరం మొదలైన పది రోజులలోపే ఇవ్వడం మంచిది. అంత అత్యవసరంలో ఈ దరఖాస్తు కోసం ఎదురుచూడవద్దు. ఆసుపత్రిలోనే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ సిబ్బందిని కలిసి, అక్కడ ఏ సాయం దొరుకుతుందో వెంటనే అడగండి.

మంజూరయ్యాక ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతిసారీ తేదీ, బిడ్డ బరువు, మందు పేరు, సీసా మీది బ్యాచి నంబరు, ఎన్ని గ్రాములు, ఎంతసేపు ఎక్కించారు, చలి, తలనొప్పి, దద్దుర్లు వచ్చాయా అన్నవి రాయండి. మొదట నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతారు కాబట్టి కొన్ని గంటలు పడుతుంది, ఆ రోజు తొందర పెట్టకండి. కంపెనీ మారితే మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టమని నర్సుకు గుర్తుచేయండి. పోలియో చుక్కల రోజున ఎవరైనా ఇంటికి వస్తే చూపించేందుకు, ఈ బిడ్డకు నోటి చుక్కలు వేయకూడదని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఆ పుస్తకంలోనే మొదటి పేజీకి అంటించి ఉంచండి.