కడుపులోనే పోయిన బిడ్డల కోసం చర్చి ఆవరణలో ఒక తోట

నవంబరు 2న సమాధుల పండుగ. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం కొట్టి, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ రోజు వెళ్లడానికి చోటే ఉండదు. 28 వారాలు నిండకముందే పోయిన బిడ్డకైతే ప్రభుత్వ రిజిస్టరులోనూ నమోదు ఉండదు. చర్చి ఆవరణలో అర సెంటు నేల దొరికితే చాలు, ఆ తల్లికి ఒక చోటు ఇవ్వొచ్చు.

ముందు సంఘ కమిటీ చేత తీర్మానం రాయించండి. ఇది జ్ఞాపకార్థ తోట మాత్రమే, ఇక్కడ భూస్థాపన జరగదు అన్న మాట అందులో తప్పకుండా ఉండాలి. లేదంటే ఇది శ్మశానమా, అనుమతి ఉందా అన్న తగాదా ఎప్పుడైనా రావొచ్చు. చోటు గేటుకు ఎదురుగా వద్దు. కడుపు పోయిన సంగతి పుట్టింట్లో కూడా చెప్పుకోలేని ఆడవాళ్లు ఉంటారు. ఎవరి కంటా పడకుండా వచ్చి కూర్చోగలిగే మూల చూడండి.

మొక్కలు జూలై చివర్లో గానీ ఆగస్టులో గానీ నాటాలి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి, అప్పటికి వేళ్లు పట్టుకోవాలి. ఆ వానలకే నీళ్లు నిలిచి దుంపలు కుళ్లుతాయి, అందుకే మడిని ముప్పావు అడుగు ఎత్తు లేపండి. పడమటి ఎండ ఆపడానికి ఒక కానుగ చాలు. గోడకు పదడుగుల దూరంలో, రెండడుగుల గుంత తీసి, రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపండి. పచ్చిపేడ వేస్తే ఆ వేడికి వేళ్లు మాడతాయి, చెదలూ చేరతాయి. గోడవారగా నందివర్ధనాలు మూడడుగుల ఎడంగా పెట్టండి. ముందు వరుసలో తెల్ల వాన లిల్లీ దుంపలు, రెండంగుళాల లోతు, నాలుగంగుళాల ఎడం. వాన కురిసిన కొద్ది రోజులకే మడంతా ఒక్కసారిగా పూస్తుంది. గన్నేరు మాత్రం వద్దు. అది నిలువెల్లా విషం, తల్లుల వెంట చిన్నపిల్లలు కూడా వస్తారు.

రాళ్ల విషయంలో తొందరపడకండి. గులకరాళ్ల మీద పెయింటుతో పేర్లు రాస్తే మన ఎండకు ఒక్క వేసవిలోనే పెచ్చులూడుతుంది. బిడ్డ పేరు రెండోసారి చెరిగిపోవడం ఏ తల్లీ చూడకూడదు. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు బూడిదరంగు గ్రానైట్ పలకలు చెక్కించండి. అక్షరం ముప్పావు అంగుళానికి తగ్గితే ఒత్తులు పూడిపోతాయి, ‘కృప’లో వట్రుసుడి వట్టి గీతలా మిగులుతుంది. చెక్కేముందు అసలు సైజులో కాగితం మీద రాయించి తల్లిదండ్రులకు చూపించండి. పేరు పెట్టని బిడ్డకు నెల, సంవత్సరం చాలు. రాయిని సిమెంటుతో బిగించొద్దు, మూడంగుళాల ఇసుకలో కూర్చోబెట్టండి. తల్లి దాన్ని తీసి కాసేపు ఒళ్లో పెట్టుకోగలగాలి. ఏమీ చెక్కని పలకలు ఓ పది వేరుగా ఉంచండి, పేరు బయటపెట్టలేని తల్లి అందులో ఒకటి తన బిడ్డదనుకుంటుంది.

మధ్యలో పెద్ద రాయి మీద కీర్తన 139:16లోని మొదటి మాట ఒక్కటే చాలు: ‘నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను.’ కూర్చునే బల్లకు నల్ల గ్రానైట్ వద్దు, మధ్యాహ్నానికి కాలిపోతుంది.

ప్రతిష్ఠకు డిసెంబరు 28 తగిన రోజు, బేత్లెహేములో హేరోదు చంపించిన పసిబిడ్డలను సంఘం తలుచుకునే దినం అది. ప్రార్థన చేసేవారికి ముందే చెప్పి ఉంచండి: ‘దేవుని చిత్తం’, ‘మళ్లీ పుడతార్లే’ అన్న మాటలు రాకూడదు. తండ్రులను కూడా పేరుపేరునా పిలవండి, వాళ్ల దుఃఖాన్ని అడిగేవాళ్లే ఉండరు.

కొవ్వొత్తులకు ఇసుక నింపిన తొట్టి పెట్టండి, మైనం కారితే గ్రానైట్ మీద మరక పడుతుంది. బోరునీళ్ల ఉప్పు తెల్లగా పేరుకోకుండా వారానికోసారి పలకలు తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు సాయంత్రం నీళ్లు పోసే వంతు ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి.