నల్లకారు మీద బెంగళూరు దుమ్ము, మన చేతి దురద

కారు డెలివరీ తీసుకున్న రోజు ఫొటో పంపిస్తే మా మామగారు నెల్లూరు నుంచి వెంటనే ఫోన్ చేసి "బాగానే ఉంది గానీ అల్లుడూ, నలుపెందుకు తీసుకున్నావయ్యా, రోజూ తుడుచుకుంటూ కూర్చోవాలి" అన్నారు. నేను ఆ మాటని సీరియస్‌గా తీసుకుని నిజంగానే రోజూ తుడవడం మొదలుపెట్టా, కొంప మునిగింది అక్కడే. పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు డిక్కీలోంచి పసుపు గుడ్డ తీసి, బానెట్ మీద రెండు రౌండ్లు, డోర్ల మీద రెండు రౌండ్లు, బాగా మెరుస్తోంది అనుకుని వెళ్ళిపోవడం, ఇలా ఎనిమిది నెలలు. ఒక రాత్రి మారతహళ్ళి దగ్గర పెట్రోల్ బంకులో ఆగి బానెట్ మీద పడుతున్న లైటు వైపు చూస్తే, ఆ లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు, ఎటు జరిగితే అటు వస్తున్నాయి. స్టీలు గిన్నెని పీచేసి తోమితే ఎండలో ఎలా కనబడుతుందో అచ్చం అలా.

కారు పెయింట్ మీద పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారు, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే మన తలవెంట్రుక కంటే సన్నం. మన దుమ్ములో ఉండేదేమో ఇసుక, సిమెంటు, గ్రానైట్ పొడి, ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల పక్కనుంచి ఒక్కసారి వెళ్ళొస్తే చాలు అన్నీ ఎక్కేస్తాయి. పొడి గుడ్డతో తుడిచామంటే ఆ రేణువుల్ని గుడ్డకి అంటించి సాండ్ పేపర్ తయారుచేసి కారంతా రుద్దినట్టే. తెల్ల కారుకీ ఇవే గీతలు పడతాయి, కాకపోతే కనబడవు, వాళ్ళు అదృష్టవంతులు.

అందుకని నేను ఇప్పుడు పాటించేది ఒక్కటే, రెండు వాష్‌ల మధ్య కారుని వీలైనంత తక్కువ ముట్టుకోవడం, ముట్టుకోక తప్పకపోతే తడి చేసి, జారేలా చేసి ముట్టుకోవడం. కింద రాసేదంతా ఇదే, రకరకాల సందర్భాల్లో.

ముందు మీ అపార్ట్‌మెంట్‌లో నెలకింతని తీసుకుని పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయి సంగతి చూడండి. తప్పు అతనిది కాదు, ఒక్క బకెట్ నీళ్ళు, ఒక్క గుడ్డ, ముప్పై కార్లు, ఏడు లోపల అన్నీ అయిపోవాలి, ఇంకేం చేస్తాడు. మీ కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్‌లో అప్పటికే తుడిచిన ఇరవై కార్ల మట్టి ఉంటుంది. నేనైతే "అణ్ణా, బయట ముట్టుకోవద్దు, అద్దాలు, లోపల మ్యాట్లు చేసి వెళ్ళిపో, డబ్బులు అంతే ఇస్తా" అన్నా. మొదటి వారం నమ్మలేదు పాపం, రెండు సార్లు అడిగాడు. ఇది ఒక్కటి చేసినా సగం గీతలు ఆగిపోతాయి, కింద రాసింది ఇంకేం చదవకపోయినా పర్లేదు.

రోజువారీ పల్చటి దుమ్ముకి ఏం చెయ్యాలి అంటే, ఏం చెయ్యొద్దు. కళ్ళు మూసుకుని వెళ్ళిపోండి. మరీ చేతులు ఊరుకోకపోతే ఒక చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ కొనుక్కోండి, కంప్యూటర్ క్యాబినెట్లు ఊదుకునే రకం, గాలితో ఎగిరిపోయినంత ఎగిరిపోతుంది, మిగిలింది అలాగే ఉంచండి. వాక్స్ పట్టించిన పోగుల డస్టర్లు అమ్ముతారు, కొంతమంది వాటిమీద ఒట్టేస్తారు, నల్లకారు మీద నేను వాడను, ఎందుకంటే పోగుల్లో నిన్నటి దుమ్ము ఉంటుంది. ఇంకో ముఖ్యమైనది, డిసెంబర్ జనవరిలో పొద్దున మంచు పడి కారు తడిగా ఉంటుంది కదా, "ఎలాగూ తడిగానే ఉంది తుడిచేద్దాం" అనిపిస్తుంది, అస్సలు వద్దు, ఆ చెమ్మకి దుమ్ము బురద అవుతుంది గానీ జారదు.

పల్చటి దుమ్ము మాత్రమే ఉండి, ఏదో పెళ్ళికి వెళ్ళాలి, కారు నీట్‌గా కనబడాలి అంటే అప్పుడు స్ప్రే బాటిల్ పని. క్విక్ డీటెయిలర్ అనో వాటర్‌లెస్ వాష్ అనో దొరికే స్ప్రే ఏదైనా ఓకే. నేను ఆప్టిమమ్ నో రిన్స్ అనే రిన్స్‌లెస్ వాష్ లిక్విడ్, అంటే వాడాక మళ్ళీ నీళ్ళతో కడగక్కర్లేని రకం, ఒక బాటిల్ పెట్టుకుని దాన్నే అన్నిటికీ వాడతా, స్ప్రేకి ఒక వంతు లిక్విడ్‌కి 16 వంతుల నీళ్ళు, అంటే అర లీటరు బాటిల్‌లో 30 ఎంఎల్ వేసి మిగతాది నీళ్ళు. మైక్రోఫైబర్ టవళ్ళు 300 నుంచి 400 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు, టవల్ మందానికి కొలత) ఉన్నవి కనీసం ఆరు ఉండాలి, ఒక్కటితో కారంతా అంటే మళ్ళీ పాత కథే. టవల్‌ని నాలుగు మడతలు వేస్తే మనకి ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక ప్యానెల్ మీద, అంటే ఒక డోరో బానెట్టో ఏదో ఒక భాగం మీద, స్ప్రే బాగా కొట్టండి, పిసినారితనం వద్దు, అర నిమిషం ఆగండి, తర్వాత టవల్ బరువు మాత్రమే పడేలా, నొక్కకుండా, ఒకే వైపుకి గీత గీసినట్టు లాగండి. గుండ్రంగా రుద్దొద్దు. ఒక్కసారి లాగాక టవల్ తిప్పి చూస్తే నల్లగా ఒక చార కనబడుతుంది, అదే మీ క్లియర్ కోట్ మీద తిరగాల్సిన మట్టి. వెంటనే ఆ ముఖం మార్చేసి కొత్త ముఖంతో పక్క చార. రూఫ్, అద్దాలు, బానెట్, డోర్ల పై సగం, ఆ వరస, డోర్ల కింది సగం, వెనక బంపర్ మాత్రం ఈ పద్ధతిలో ముట్టుకోవద్దు, అక్కడ ఉండేది దుమ్ము కాదు, రోడ్డు మీంచి ఎగిరిన గరుకు ఇసుక.

దుమ్ము మందంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని వేలితో రాసి చూడకండి బాబూ. మా కింద పార్కింగ్‌లో ఆడుకునే పిల్లాడొకడు సంక్రాంతికి మేం ఊరెళ్ళి వచ్చేలోపు డిక్కీ మీద దుమ్ములో వాడి పేరు రాశాడు, ముద్దుగా కింద ఒక గీత కూడా. కడిగా, షాంపూ పెట్టా, మళ్ళీ కడిగా, ఇప్పటికీ సాయంత్రం ఎండ అడ్డంగా పడితే వాడి పేరు చదువుకోవచ్చు. కారు రంగు తెలీనంత దుమ్ము ఉంటే స్ప్రేలతో కాదు, ముందు నీళ్ళతో కొట్టాల్సిందే.

పిట్ట రెట్ట పడితే మాత్రం అస్సలు ఆగొద్దు. వాటిలో యూరిక్ యాసిడ్ ఉంటుంది, నల్ల రంగేమో ఎండని బాగా పీల్చుకుంటుంది, వేడికి క్లియర్ కోట్ మెత్తబడి ఆ రెట్ట లోపలికి దిగుతుంది, మధ్యాహ్నం ఎండలో కొన్ని గంటలు ఉంటే తీసేశాక కూడా దాని ఆకారం మిగిలిపోతుంది. డాష్‌బోర్డ్ పెట్టెలో చిన్న స్ప్రే బాటిల్, నాలుగు టిష్యూలు పెట్టుకోండి. టిష్యూతో తుడవొద్దు, రెట్ట మీద పరిచి, పైన తడిసేలా స్ప్రే కొట్టి, రెండు మూడు నిమిషాలు వదిలేసి, నానాక చిటికెతో పైకి ఎత్తేయడం. మిగిలింది ఇంకోసారి అలాగే. ఎండలో కాలిపోతున్న బానెట్ అయితే ముందు నీడలోకి తీసుకెళ్ళండి.

బెంగళూరులో చెట్ల కింద నీడ అని పార్క్ చేస్తాం కదా, ఫిబ్రవరి నుంచి మే దాకా జాగ్రత్త. టబేబూయా పూలు పడితే ఫొటోకి బాగుంటాయి, తడిసి ఆరితే మరకలు. రెయిన్ ట్రీల కింద, కానుగ చెట్ల కింద అయితే బంకబంకగా చిన్న చుక్కలు పడతాయి, చాలాసార్లు అది చెట్టు మీద పురుగులు వదిలే తీపి జిగురు. కొత్తగా ఉంటే పై టిష్యూ పద్ధతికే పోతుంది. గట్టిపడితే గోటితో గీకకండి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన టవల్ ఐదు నిమిషాలు వేసి ఉంచండి.

బేస్‌మెంట్ పార్కింగ్ ఉంది, నాకేంటి అనుకునేవాళ్ళకి ఇంకో సమస్య. వానాకాలంలో స్లాబ్‌లోంచి నీళ్ళు కారి బానెట్ మీద చుక్కచుక్కగా పడి తెల్లగా గడ్డకడతాయి. సిమెంటులోని సున్నం అది, క్షారం, రెట్టలాగే పెయింట్‌ని తినేస్తుంది, వాష్ షాంపూకి కదలదు. వైట్ వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి, టవల్ తడిపి మరక మీద ఒక నిమిషం పెట్టి తీసి చూడండి, కరిగినంత కరుగుతుంది, ఇంకోసారి పెట్టి తర్వాత మంచి నీళ్ళతో కడిగేయండి, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే, వెనిగర్ ఆరిపోనివ్వకుండా. అసోసియేషన్ వాళ్ళకి లీకేజీ గురించి మెయిల్ పెట్టడం మీ ఇష్టం, నేను పెట్టి వర్షాకాలాలు రెండు అయ్యాయి, ప్లాస్టిక్ రేకు నేనే కట్టుకున్నా.

ఇప్పుడు నీళ్ళు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు మనకి వచ్చేవి ఎక్కువగా బోరు, ట్యాంకర్ నీళ్ళు, కాల్షియం మెగ్నీషియం దండిగా ఉంటాయి, కారు మీద ఆరితే తెల్ల చుక్కలు, నల్లకారు మీద చుక్కల ముగ్గు. చాలామంది మంచి ఉద్దేశంతో ఆర్‌ఓ ఫిల్టర్ వేస్ట్ నీళ్ళు పట్టి కారు తుడుస్తారు, ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా ఉండేది ఆ నీళ్ళలోనే, అది ఇల్లు తుడుచుకోవడానికి వాడండి. కారుకి ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పట్టండి, అది గాల్లో చెమ్మ కదా, ఉప్పు దాదాపు ఉండదు, గుడ్డలో వడకట్టి స్ప్రే బాటిల్లో పోసుకోవచ్చు. గార్డెన్ స్ప్రింక్లర్ పక్కన కారు పెట్టకండి.

పది పదిహేను రోజులకోసారి బకెట్ వాష్. 2024 మార్చిలో నీళ్ళ కరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి వాళ్ళు తాగే నీళ్ళతో బండ్లు కడిగితే 5000 రూపాయల ఫైన్ అన్నారు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఆర్డర్. నాకు రిన్స్‌లెస్ వాష్ అలవాటయింది అప్పుడే, పది లీటర్ల నీళ్ళలో 40 ఎంఎల్ అదే లిక్విడ్, పైపు అక్కర్లేదు, మళ్ళీ కడగక్కర్లేదు. ఆరేడు టవళ్ళు బకెట్‌లో వేసేయండి, ముందు ప్యానెల్ మీద స్ప్రే కొట్టి నాననిచ్చి, బకెట్‌లోంచి ఒక టవల్ తీసి కొంచెం పిండి, మడతలు మారుస్తూ రెండు ప్యానెళ్ళు చేసి పక్కన పడేయండి. వాడిన టవల్ మళ్ళీ బకెట్‌లో ముంచొద్దు, మొత్తం విషయం ఇదే. ఒక ప్యానెల్ అవ్వగానే మందపాటి పొడి టవల్ పరిచి అద్ది తీసేయండి. నాకు నలభై నిమిషాలు పడుతుంది, చివర్లో వాడిన టవళ్ళు పిండిన నీళ్ళు మాత్రం పక్కన మొక్కలకి పొయ్యను, అందులో ఉన్న మట్టి రంగు చూస్తే ధైర్యం చాలదు.

ఈ వాష్ తర్వాత నెలకోసారి స్ప్రే వాక్స్ కొట్టుకుంటే తర్వాతి రెండు వారాలు దుమ్ము తేలిగ్గా వదులుతుంది. పెయింట్ మీద గట్టి రక్షణ పొరలా వేసే సిరామిక్ కోటింగ్ వేయిస్తే దుమ్మే పట్టదు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, దుమ్ము పడుతుంది, కడిగితే త్వరగా పోతుంది, అంతే, పొడి గుడ్డ పెడితే దానికీ గీతలు పడతాయి.

కవర్ విషయం, దుమ్ముపట్టిన కారు మీద కవర్ కప్పితే గాలికి అది కదిలినప్పుడల్లా రుద్దుతూనే ఉంటుంది. శుభ్రం చేశాకే కప్పండి, రోజూ వాడే కారుకైతే అసలు వద్దు.

ఆయుధ పూజ రోజు మాత్రం మనం ఓడిపోవడం ఖాయం. మా అమ్మ తడి వేలితో పసుపు, కుంకుమ బానెట్ మధ్యలో పెడుతుంటే "అమ్మా, నంబర్ ప్లేట్ మీద పెట్టవే" అంటే "కారుకి బొట్టు నుదుటి మీద పెడతారా పాదాల మీదా?" అంది, ఇంక మాట్లాడేదేముంది. గుమ్మడికాయ పగలగొట్టినప్పుడు ఎగిరిన కుంకుమ నీళ్ళు బంపర్ మీద పడతాయి. సాయంత్రం లోపు తీసేయండి, పొడి కుంకుమని బ్లోయర్‌తో ఊది, మిగిలింది స్ప్రేతో నానబెట్టి ఎత్తేయండి, రుద్దితే రంగు పొడవునా సాగుతుంది. దీపావళి మర్నాడు కారు మీద ఉండే బూడిదకీ అంతే, గుడ్డ తీయకండి.

రాత్రి పూట కోలారు, పలమనేరు మీదుగా ఊరెళ్ళి వస్తే ముందు బంపర్ నిండా పురుగులు అతుక్కుంటాయి, ఇంటికి చేరిన రోజే తడి టవల్ పది నిమిషాలు వేసి తీసేయండి, మర్నాటికి ఎండిపోతే రెట్ట కంటే మొండివి.

ఇక టవళ్ళు ఉతకడం. ఇంట్లో బట్టలతో కలపకండి, నూలు బట్టల పీచు పట్టేస్తుంది, లిక్విడ్ డిటర్జెంట్ కొంచెం, ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు, నీడలో ఆరేయండి. కింద పడిన టవల్ ఇంక పెయింట్‌కి పనికిరాదు, టైర్లకి పెట్టుకోండి. మా ఇంట్లో ఒకసారి మా ఆవిడ నా మంచి టవల్ తీసి గ్యాస్ స్టవ్ తుడిచేసింది, ఎంత బాగా తుడుస్తోందో అని మెచ్చుకుంది కూడా, అప్పట్నుంచి కారు టవళ్ళన్నీ మూత ఉన్న డబ్బాలో డిక్కీలోనే ఉంటున్నాయి.